మే, జూన్ నెలల్లో స్మాల్‌మౌత్ బాస్‌ను ఫ్లైతో పట్టడం ఎలా? పొటోమాక్, షెనండోవా నదులకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలో వాషింగ్టన్ డీసీకి దగ్గర్లో, యాష్‌బర్న్, హెర్న్‌డన్, ఫ్రెడరిక్ వైపు ఉండే మనవాళ్లు ఏప్రిల్ చివరికి వచ్చేసరికి ఒకటే అడుగుతుంటారు: "ఫ్లై రాడ్ కొన్నాం, నదికి వెళ్లాం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విసిరాం. ఒక్కటీ పడలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?"

స్మాల్‌మౌత్ బాస్ అంటే నదుల్లో ఉండే మంచినీటి వేట చేప. ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలతో పురుగులానో చిన్న చేపలానో కట్టిన కొక్కెం. చాలాసార్లు తప్పు విసరడంలో ఉండదు. నీళ్లు ఎంత వేడెక్కాయో చూసుకోకుండా వెళ్లడంలో ఉంటుంది. మే మొదటి వారం నుంచి జూన్ నడిమి దాకా ఈ చేప దాదాపు వారానికో చోటు మారుస్తుంది. పోయిన శనివారం నాలుగు చేపలు దొరికిన మడుగులో ఈ శనివారం ఒక్కటీ ఉండకపోవచ్చు. కాబట్టి ఈ సీజన్‌లో మీ దగ్గర ఉండాల్సిన మొదటి పనిముట్టు రాడ్డు కాదు, ఐదారు డాలర్ల థర్మామీటరు.

ఇక్కడ చెప్పేది గ్రేట్ ఫాల్స్‌కు ఎగువన ఉన్న పొటోమాక్, దానిలో కలిసే షెనండోవా నదుల గురించి. జేమ్స్, రాపహానక్ నదుల్లోనూ పద్ధతి ఇంతే. ఫ్లై రాడ్డు ఎప్పుడూ పట్టుకోనివాళ్లు కూడా దీన్ని వరసగా చదువుతూ పాటించవచ్చు.

1. ముందు రూల్స్ తెలుసుకోండి

పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్స్ ఉండాలి. వర్జీనియాలో డీడబ్ల్యూఆర్ (వన్యప్రాణి శాఖ), మేరీల్యాండ్‌లో డీఎన్‌ఆర్ (సహజ వనరుల శాఖ) వెబ్‌సైట్‌లో పది నిమిషాల పని. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నల చేతికి రాడ్డు ఇచ్చినా వాళ్లకూ లైసెన్స్ కావాలి. జూన్ మొదటి శుక్ర, శని, ఆదివారాల్లో వర్జీనియాలో, జూన్ మొదటి రెండు శనివారాల్లో మేరీల్యాండ్‌లో లైసెన్స్ లేకుండానే చేపలు పట్టనిస్తారు. పెద్దవాళ్లకు సరదాగా చూపించాలంటే ఆ రోజులు చూసుకోండి.

పొటోమాక్ దగ్గర ఒక మెలిక ఉంది. వర్జీనియా ఒడ్డున నిలబడినా మీ ముందున్న నీళ్లు మేరీల్యాండ్‌వి. ప్రధాన నదిలో వర్జీనియా లైసెన్స్ చెల్లుతుంది, కానీ రూల్స్ మేరీల్యాండ్‌వే. ఆ రాష్ట్రంలో సముద్రపు పోటు తగలని నదుల్లో మార్చి 1 నుంచి జూన్ 15 దాకా పట్టిన బాస్‌ను అక్కడికక్కడే వదిలేయాలి. పక్కనుంచి వచ్చి కలిసే వాగుల్లోకి వెళితే ఆ వాగు ఏ రాష్ట్రానిదైతే ఆ లైసెన్సే ఉండాలి.

పెన్సిల్వేనియా వైపు వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సస్క్వెహానా, జునియాటా నదుల్లో ప్రత్యేక నిబంధనలున్న భాగాల్లో మే మొదలు నుంచి జూన్ నడిమి దాకా బాస్ కోసం గాలం వేయడమే కుదరదు. వదిలేస్తాం కదా అంటే ఒప్పుకోరు.

"మరి మృగశిర కార్తెకు చేపల పులుసు?" అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, మేరీల్యాండ్‌లో గడువు జూన్ 15. పైగా సౌత్ ఫోర్క్ షెనండోవాలో పాత ఫ్యాక్టరీ వదిలిన పాదరసం వల్ల అక్కడి చేపలు పరిమితంగానే తినాలని హెచ్చరికే ఉంది. స్మాల్‌మౌత్ 12 అంగుళాలు పెరగడానికి నాలుగేళ్ల దాకా పడుతుంది. దాన్ని పులుసులో వేయడం నాకైతే ఇష్టం లేదు. పులుసే కావాలంటే కిందివైపు, పోటు తగిలే పొటోమాక్‌లో స్నేక్‌హెడ్ ఉంటుంది. మన కొర్రమీనుకు దగ్గరి చుట్టం. ఇక్కడి నదికి పరాయి చేప కాబట్టి పట్టి తినమని రాష్ట్రమే చెబుతుంది.

2. బయలుదేరే ముందు రోజు రాత్రి

యూఎస్‌జీఎస్ (నదుల నీటిని కొలిచే అమెరికా ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో మీరు వెళ్లే నది కొలత కేంద్రం తెరవండి. పొటోమాక్‌కు పాయింట్ ఆఫ్ రాక్స్, షెనండోవాకు లూరే, ఫ్రంట్ రాయల్, స్ట్రాస్‌బర్గ్ కేంద్రాలు ఉన్నాయి.

ప్రవాహం గ్రాఫ్‌లో రెండే విషయాలు చూడాలి. గీత దిగుతోందా, ఎక్కుతోందా? ఆ తేదీకి మామూలుగా ఉండే మధ్యస్థ ప్రవాహం కన్నా ఎక్కువా, తక్కువా? దిగుతూ, మధ్యస్థానికి దగ్గరగానో కిందో ఉంటే వెళ్లండి. ఎక్కుతుంటే ఆ రోజుకు వదిలేయండి. మీ ఊళ్లో చినుకు పడకపోయినా ఎగువన కొండల్లో కురిసిన వాన మర్నాటికి మీ కాళ్ల దగ్గరకు వస్తుంది.

నీటి వేడి అన్ని కేంద్రాల్లోనూ చూపించరు. అందుకే థర్మామీటరు. దానికి దారం కట్టి, మోకాటి లోతున, నీడలో, పారే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి. ఒడ్డున నిలిచిన నీళ్లలో పెడితే ఐదారు డిగ్రీలు ఎక్కువ చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది.

వేడిని బట్టి చేప ఏం చేస్తుందంటే:

- 50 నుంచి 55 డిగ్రీల ఫారన్‌హీట్ (10 నుంచి 13 సెల్సియస్): గుడ్లు పెట్టే ముందు ఒళ్లు పెంచుకునే సమయం. లోతుగా, నెమ్మదిగా ఉన్న నీళ్లలో గుంపుగా ఉంటాయి. బాగా తింటాయి కానీ పరిగెత్తి తినవు. మధ్యాహ్నం తర్వాత వెళ్లడం మంచిది.
- 55 నుంచి 65 (13 నుంచి 18): గూళ్లు కట్టి గుడ్లు పెట్టే సమయం. మగవి ఒడ్డు దగ్గర లోతులేని నీళ్లలో, ఆడవి కాస్త లోతులో ఉంటాయి. గూళ్లను వదిలేసి, వాటికి దూరంగా ఉన్న చేపలను వెతకాలి.
- 65 నుంచి 72 (18 నుంచి 22): గుడ్ల పని అయిపోయి, రాళ్ల మీద పారే నీళ్లలోకి, గడ్డి అంచులకు చెదిరిపోతాయి. నీటి మీద తేలే ఫ్లై కొట్టే రోజులు ఇవే.

ఈ మూడూ ఒకే తేదీన మొదలవ్వవు. మే మూడో వారంలో చల్లటి వాన పడితే నాలుగు రోజులు వెనక్కి పోతాయి. కొన్ని చేపలు గుడ్లు పెట్టేసి ఉంటే కొన్ని ఇంకా మొదలే పెట్టి ఉండవు.

3. సామాను

తొమ్మిదడుగుల, 7 వెయిట్ రాడ్డు తీసుకోండి. వెయిట్ అంటే రాడ్డు ఎంత బరువు లైనును విసరగలదో చెప్పే అంకె. 6 వెయిట్ చాలని చాలామంది చెబుతారు, షెనండోవాకు చాలు కూడా. కానీ కొత్త చేతికి లోహపు కళ్లు కట్టిన బరువు ఫ్లైని, పొటోమాక్ మీద వీచే గాలిలో 6 వెయిట్‌తో విసరడం నరకం. రాడ్డు, రీలు, లైను కలిపి 150 నుంచి 250 డాలర్ల లోపు సెట్ సరిపోతుంది. రీలుకు ఎక్కువ డబ్బు పెట్టకండి, ఈ చేపకు అది లైను చుట్టుకునే డబ్బా మాత్రమే. ఆ డబ్బు మంచి లైనుకు పెట్టండి.

చెక్‌లిస్ట్:

- నీటి మీద తేలే, ముందు వైపు బరువున్న ఫ్లై లైను. బాస్ కోసం చేసినదైతే ఇంకా మంచిది.
- ఏడున్నర అడుగుల 0ఎక్స్ లీడర్లు మూడు. లీడరు అంటే లైను కొసకు కట్టే సన్నటి దారం, 0ఎక్స్ దాని మందం.
- 10 పౌన్ల టిప్పెట్ (లీడరుకూ ఫ్లైకీ మధ్య కట్టే దారం): మునిగే ఫ్లైలకు ఫ్లోరోకార్బన్, తేలేవాటికి నైలాన్. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, తేలే ఫ్లై ముక్కును కిందికి లాగేస్తుంది.
- పోలరైజ్డ్ కళ్లద్దాలు, టోపీ. ఇవి లేకుండా విసరొద్దు. కొక్కెం కంట్లో పడితే ఆడుకునే పని కాదు.
- కొక్కెం తీసే పటకారు, రబ్బరు వల.
- రబ్బరు అడుగున్న బూట్లు, వీలైతే మేకులున్నవి. ఫెల్ట్ అడుగున్న బూట్లు మేరీల్యాండ్‌లో 2011 నుంచి నిషేధం.
- నడుముకు బెల్టు, చేతికర్ర, లైఫ్ జాకెట్.
- థర్మామీటరు, నీళ్ల సీసా, ఫోనుకు నీళ్లు తగలని సంచి.

మే మొదట్లో వేడర్స్ (నీళ్లు లోపలికి రాని ప్యాంటు) కావాలి. జూన్‌కు వచ్చేసరికి త్వరగా ఆరే ప్యాంటుతోనే దిగవచ్చు.

4. పెట్టెలో ఏ ఫ్లైలు ఉండాలి

షాపులో గోడ నిండా రంగురంగులవి వేలాడుతుంటాయి. పన్నెండు ఫ్లైలు చాలు.

క్లౌజర్ మినో (చిన్న చేపలా ఉండే ఫ్లై) నాలుగు: 2, 4 సైజు కొక్కేలు, రెండు పసుపుపచ్చ-తెలుపు, రెండు ఆలివ్-తెలుపు. ఇది పెన్సిల్వేనియాలో బాబ్ క్లౌజర్ సస్క్వెహానా స్మాల్‌మౌత్ కోసమే చేసిన ఫ్లై. లోహపు కళ్లు కొక్కెం కాడకు పైభాగాన కట్టి ఉండటం వల్ల నీళ్లలో తలకిందులై, కొక్కెం మొన పైకి ఉండేలా ఈదుతుంది. అందుకే రాళ్లకు తక్కువ పట్టుకుంటుంది. ఒకే ఒక్క ఫ్లై తీసుకెళ్లమంటే నేను దీన్నే తీసుకెళతాను.

హెల్‌గ్రమైట్ రెండు, నలుపు, 6 సైజు. రాళ్ల కింద ఉండే కాళ్ల పురుగు ఇది. నదిలో ఒక పెద్ద రాయి ఎత్తి చూస్తే అసలుది కనిపిస్తుంది, వేలు పెట్టకండి, కరుస్తుంది.

క్రేఫిష్ (మంచినీటి రొయ్యలాంటి జీవి) రెండు, ఆలివ్, ఇటుక రంగుల్లో, 4 లేక 6 సైజు. వూలీ బగ్గర్ (ఈక తోక, బొచ్చు ఒళ్లు ఉండే ఫ్లై) రెండు, నలుపు, ఆలివ్. పాపర్లు (నీటి మీద తేలుతూ చప్పుడు చేసే ఫ్లైలు) రెండు, పసుపు ఒకటి, నీలం ఒకటి, 4 లేక 6 సైజు.

ఇంట్లోనే ప్రతి కొక్కేనికీ మొన వెనక ఉండే ములుకును పటకారుతో నొక్కి చదును చేసేయండి. చేపకూ, మీ వేలికీ, పక్కన నిలబడిన వాళ్ల చెవికీ మంచిది.

నీళ్లు తేటగా ఉంటే ఆలివ్, గోధుమ రంగులు. కాస్త మసకగా ఉంటే పసుపుపచ్చ, నలుపు. మోకాటి లోతులో మీ బూట్లు మీకే కనిపించకపోతే ఏ రంగూ పనిచేయదు, దిగడం కూడా ప్రమాదం.

5. ముడులు రెండు చాలు

లీడరుకు టిప్పెట్ కలపడానికి డబుల్ సర్జన్ ముడి. ఫ్లై కట్టడానికి నాన్-స్లిప్ లూప్ ముడి, అంటే ఫ్లై దగ్గర చిన్న ఉచ్చు మిగిలే ముడి. ఉచ్చులో ఫ్లై అటూ ఇటూ స్వేచ్ఛగా ఊగుతుంది. బిగించే ముందు నోట్లో తడిపి, నెమ్మదిగా లాగండి. వీడియో చూసి సోఫాలో కూర్చుని కళ్లు మూసుకుని కట్టగలిగే దాకా సాధన చేయండి, ఎందుకంటే నదిలో చీకటి పడే వేళే పెద్ద చేప ముడి తెంపుకుపోతుంది.

6. నదికి ముందు పార్కు

పచ్చిక మీద, కొక్కెం మొన కత్తిరించిన ఫ్లైతో సాధన చేయండి. ముప్పై, నలభై అడుగుల దూరం చాలు.

రాడ్డు చివర నేలకు దగ్గరగా పెట్టి మొదలుపెట్టండి. వేగం పెంచుతూ వెనక్కి ఎత్తి, చెవి దాటగానే గట్టిగా ఆపండి. ఇప్పుడు ఆగాలి. వెనక లైను పూర్తిగా విచ్చుకునే దాకా ఆగి, అప్పుడు ముందుకు తీసుకురండి. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో సగం ఈ ఆగడం దగ్గరే ఉంటాయి. తల తిప్పి వెనక్కి చూస్తూ విసరండి, సిగ్గుపడకండి, బాగా వచ్చినవాళ్లూ చూస్తారు.

బరువున్న క్లౌజర్‌కు పద్ధతి కొంచెం మారుతుంది. వెనక్కి పక్కవాటుగా తీసి, ఆపకుండా గుండ్రంగా తిప్పి, తల పైనుంచి ముందుకు వేయండి. అప్పుడు ఫ్లై లైనుకు అడ్డం రాదు, చెవికి తగలదు. గాల్లో నాలుగైదుసార్లు ఊపడం సినిమాల్లో బాగుంటుంది, ఇక్కడ ఒకటి రెండు ఊపులే.

7. నీళ్లలో దిగడం

ఏటా ఈ నదుల్లో మనుషులు పోతున్నారు, ఈత వచ్చినవాళ్లు కూడా. గ్రేట్ ఫాల్స్ పార్కులో నీళ్లలో దిగడమే నిషేధం. ఆ చుట్టుపక్కల పైకి ప్రశాంతంగా కనిపించే నీళ్ల కింద వడి భయంకరంగా ఉంటుంది. ఆ చోటును మీ లిస్టులోంచి తీసేయండి.

మొదటిసారికి బెంటన్‌విల్ దగ్గరున్న షెనండోవా రివర్ స్టేట్ పార్క్ నా సలహా. పార్కింగ్, బాత్‌రూమ్ ఉంటాయి, కుటుంబం ఒడ్డున కూర్చోవచ్చు, సౌత్ ఫోర్క్‌లో దిగడానికి లోతులేని చోట్లున్నాయి.

దిగాక:

- తొడల పైకి నీళ్లు వస్తే వెనక్కి రండి.
- ఎగువ వైపు తిరిగి, అడ్డంగా, పాదాలు ఎత్తకుండా జరుపుకుంటూ నడవండి. ఒక కాలు కుదురుకున్నాకే రెండోది.
- చేతికర్ర ఎగువ వైపు ఉండాలి.
- పడిపోతే లేచి నిలబడాలని చూడకండి, పాదం రాళ్లలో ఇరుక్కుంటుంది. వెల్లకిలా, కాళ్లు దిగువ వైపు పెట్టి, ఒడ్డు వైపు చేతులతో తోసుకుంటూ రండి.
- ఉరుము వినిపిస్తే రాడ్డు కింద పెట్టి ఒడ్డెక్కండి. గ్రాఫైట్ రాడ్డు కరెంటును బాగా పట్టుకుంటుంది.
- ఒంటరిగా వెళితే ఎక్కడ దిగుతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

8. చేప ఎక్కడుంటుంది

వచ్చీరాగానే నీళ్లలోకి దిగకండి. పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. మీరు తొక్కుకుంటూ పోయే మొదటి పదడుగుల్లోనే చేపలు ఉండొచ్చు.

ఈ నదుల్లో రాతి గట్లు నదికి అడ్డంగా, వరసలు వరసలుగా పడి ఉంటాయి. గట్టు మీదుగా దూకిన నీరు కింద కాస్త లోతు తవ్వుతుంది. ఆ లోతుకూ వడికీ మధ్య, నురుగు నెమ్మదిగా తిరిగే చోట చేప నిలబడుతుంది. దానికి కావలసింది మూడే: ఒంటికి శ్రమ తగ్గించే నిలకడ నీళ్లు, పక్కనే తిండి మోసుకొచ్చే వడి, దాక్కోవడానికి నీడో లోతో.

నీళ్లు 55 లోపు ఉన్నప్పుడు పెద్ద మడుగుల లోపలి అంచులు, వంతెన స్తంభాల వెనక, దీవుల దిగువ కొసలు వెతకండి. 65 దాటాక రాళ్ల మీద గలగలా పారే పలచటి నీరు అయిపోయి మడుగు మొదలయ్యే చోటు, మడుగు అయిపోయి మళ్లీ పలచబడే తోక భాగం, ఒడ్డున వాటర్ విల్లో గడ్డి అంచులు చూడండి. గడ్డిలో చిన్న చేపలు ఒక్కసారిగా గాల్లోకి ఎగిరాయంటే వాటి వెనక ఎవరున్నారో చెప్పక్కర్లేదు.

మధ్యలో, అంటే 55 నుంచి 65 మధ్య, గూళ్లున్న ఒడ్డును వదిలేసి దానికి పక్కనే నడుము లోతుకు దిగే చోట వెతకండి. గుడ్లు పెట్టడానికి ఇంకా రానివీ, పెట్టేసి వెళ్లినవీ అక్కడే ఆగుతాయి.

9. గూటి మీదున్న చేపను వదిలేయండి

గూడు ఎలా ఉంటుందో తెలిస్తేనే వదిలేయగలరు. వడి తగలని చోట, మోకాలు నుంచి నడుము లోతు నీళ్లలో, అడుగున పాచి పట్టిన గోధుమరంగు రాళ్లుంటాయి. వాటి మధ్య ఒక్కచోట మాత్రం రెండు మూడడుగుల వెడల్పున, గుండ్రంగా, గులకరాళ్లు తోమినంత తెల్లగా కనిపిస్తాయి. మగచేప తోకతో ఊడ్చి చేసిన గూడు అది. పక్కనే బండో, మునిగిన దుంగో ఉంటుంది.

కళ్లద్దాలతో కాసేపు చూడండి. గూటి మీద మగచేప దాదాపు కదలకుండా, రెక్కలు మాత్రం ఆడిస్తూ నిలబడి ఉంటుంది. ఎర్రటి కన్ను కూడా కనిపిస్తుంది. మీ నీడ పడితే రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. సన్‌ఫిష్ అనే చిన్న చేప ఒకటి దగ్గరకు వస్తే మీద పడి తరిమి, తిరిగి గూటి మధ్యకు చేరుతుంది. గుడ్లు పిల్లలయ్యాక కూడా కొన్నాళ్లు అదే కాపలా. ఆ పిల్లలు నల్లగా, చిన్న మేఘంగా రాళ్ల పైన తేలుతుంటాయి.

ఈ చేప ముందు ఏ ఫ్లై పడేసినా నోట పట్టుకుంటుంది. ఆకలికి కాదు, గూట్లోంచి తీసి అవతల పారేయడానికి. కాబట్టి దాన్ని పట్టడంలో గొప్పేమీ లేదు. మీరు దాన్ని వల దగ్గరకు తెచ్చి ఫొటో తీసుకునే లోపు సన్‌ఫిష్‌లు గూటి మీద పడి గుడ్లు తినేస్తాయి. కనిపించే గూటి మీదికి పదే పదే విసరడం పెన్సిల్వేనియాలో నేరం. వర్జీనియాలో బాస్‌కు మూసివేత కాలం లేకపోయినా నా మాట ఒకటే: గూడు కనిపిస్తే రాడ్డు ఎత్తి నడిచిపోండి, కాలు కూడా ఆ పక్క పెట్టకండి. తెలియక తగిలితే ఆ చోటే, నీళ్లలోనే కొక్కెం తీసి వదలండి.

10. మూడు పద్ధతులు, ఈ వరసలో

మొదట క్లౌజర్. నదికి అడ్డంగా, కొంచెం దిగువకు విసరండి. మూడు లెక్కపెట్టే దాకా మునగనివ్వండి. రాడ్డు చివర నీళ్లకు ఆనించి, ఎడమచేత్తో లైనును జానెడు చొప్పున రెండుసార్లు లాగి ఆపండి. ఆపినప్పుడు ఫ్లై ముక్కు కిందికి వాలి మునుగుతుంది, చేప పట్టేది ఎక్కువగా అప్పుడే. లైను నదిలో పూర్తిగా దిగువకు వాలాక కూడా రెండు మూడు లాగుళ్లు లాగండి, వెంటాడుతూ వచ్చిన చేప అక్కడ తేల్చుకుంటుంది. నాలుగైదు విసుర్లయ్యాక రెండడుగులు దిగువకు జరగండి. ఒకేచోట పాతుకుపోవద్దు.

అరగంటలో ఏమీ లేకపోతే హెల్‌గ్రమైట్ లేదా క్రేఫిష్. ఎగువకు, ఏటవాలుగా, ఇరవై పాతిక అడుగులే విసరండి. రాడ్డు ఎత్తి పట్టుకుని, లైను నీటి మీద వీలైనంత తక్కువ ఉండేలా, ఫ్లై కొట్టుకొచ్చే వేగానికే రాడ్డును తిప్పుతూ రండి. ఫ్లై అడుగున రాళ్లను తాకుతూ దొర్లాలి. లైను కొస ఆగినా, చిన్నగా పక్కకు జరిగినా చేపే అనుకుని లాగండి. కష్టంగా అనిపిస్తే లీడరుకు బెండు కట్టండి, ఫ్లైకీ బెండుకూ మధ్య నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు దూరం ఉంచండి.

మూడోది పాపర్. నీళ్లు 65 దాటి, ఎండ వాలాక. ఒడ్డుకు అడుగు దూరంలో, నీడలో పడేయండి. పడినప్పుడు లేచిన వలయాలు పూర్తిగా ఆరిపోయే దాకా ఏమీ చేయకండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. తర్వాత ఒక్క చిన్న గుంజు, 'బ్లప్' అని చప్పుడు రావాలి. మళ్లీ ఆగండి. పెద్ద చేప అన్నిసార్లూ నీళ్లు ఎగజిమ్మి కొట్టదు. ఒక్కోసారి చిన్న బుడగ వచ్చి పాపర్ మాయమవుతుంది, అంతే.

11. చేప పట్టుకున్న క్షణం

రాడ్డు పైకి ఎత్తకండి. అది ట్రౌట్ అనే చేపకు వాడే పద్ధతి. రాడ్డు చివర నీళ్ల వైపే ఉంచి, ఎడమచేత్తో లైనును ఒక్క గుంజు గుంజండి, గాలిపటం దారం గుంజినట్టు. కొక్కెం తగలకపోయినా ఫ్లై రెండడుగులే జరుగుతుంది, చేప తిరిగి కొట్టే అవకాశం ఉంటుంది. రాడ్డు ఎత్తితే ఫ్లై నీళ్లలోంచే లేచిపోతుంది.

బరువు తెలిశాకే రాడ్డు ఎత్తండి. ఈ చేప తప్పకుండా గాల్లోకి ఎగురుతుంది. ఎగిరినప్పుడు రాడ్డు కాస్త వంచి లైను వదులివ్వండి, మళ్లీ నీళ్లలో పడగానే బిగించండి. వడిలోకి పరిగెత్తితే పక్కవాటుగా, దిగువ వైపు వంచి తిప్పండి. సాగదీసి ఆడించడం మీకు సరదా కావచ్చు, చేప మాత్రం చితికిపోతుంది. గట్టిగా లాగి త్వరగా వలలోకి తీసుకోండి.

12. వదిలేయడం

చేతులు తడి చేసుకోండి, లేకపోతే దాని ఒంటి జిగురు ఊడొస్తుంది. వలను నీళ్లలోనే ఉంచి కొక్కెం తీయండి. ఫొటో కావాలంటే ముందు ఫోను సిద్ధం చేసుకుని, కింది దవడ బొటనవేలితో పట్టి, రెండో చేయి పొట్ట కింద పెట్టి ఎత్తండి. పెద్ద చేపను దవడ ఒక్కదానితో అడ్డంగా వేలాడదీస్తే దవడ దెబ్బతింటుంది. మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు. ఊపిరి బిగబట్టి ఎత్తండి, మీకు గాలి కావాలనిపించేలోగా దాన్ని నీళ్లలో దించాలి. తల ఎగువకు పెట్టి పట్టుకోండి, అదే తోక విదిల్చి పోతుంది.

13. తరచు వచ్చే చిక్కులు

- వెంట వస్తుంది, పట్టదు: ఆపే సమయం రెట్టింపు చేయండి. అయినా పట్టకపోతే చిన్న సైజు, ముదురు రంగు.
- అన్నీ చిన్నవే పడుతున్నాయి: ఒడ్డు వదిలి లోతుకు, వడి అంచుకు జరగండి. ఫ్లై సైజు పెంచండి. చివరి గంట వెలుతురు దాకా ఉండండి.
- పాపర్‌ను సన్‌ఫిష్‌లు పొడుస్తున్నాయి: పెద్ద పాపర్ కట్టండి, లేదా చోటు మారండి.
- ఫ్లై మాటిమాటికీ రాళ్లకు పట్టుకుంటోంది: తేలిక కళ్లున్నది కట్టండి, తక్కువ మునగనివ్వండి. ఇరుక్కుంటే బలంగా లాగకుండా అవతలి వైపుకు నడిచి వెళ్లి తీయండి.
- లీడరులో వాటంతటవే ముడులు పడుతున్నాయి: తొందరగా ముందుకు తెస్తున్నారు, ఆగండి. ముడి పడిన టిప్పెట్ చాలా బలహీనం, కత్తిరించి కొత్తది కట్టండి.
- కుడివైపు నుంచి గాలి, ఫ్లై ఒంటి మీదికి వస్తోంది: వెనక్కి తిరిగి నిలబడి, వెనక విసురుతోనే ఫ్లైని నదిలోకి వదలండి.
- నిన్న బాగా పడ్డాయి, ఇవాళ లేవు: నీళ్లు మళ్లీ కొలవండి. రాత్రికి రాత్రి ఐదు డిగ్రీలు పడితే రెండో విభాగంలోని లిస్టులో ఒక మెట్టు వెనక్కి, అంటే చల్లటి నీళ్ల వైపు వెళ్లి, అక్కడ చెప్పిన చోట్ల వెతకండి.

14. ఇంటికొచ్చాక

మే, జూన్‌లో ఒడ్డు గడ్డిలో గసగసంత టిక్ పురుగులుంటాయి, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. స్నానానికి ముందు మోకాళ్ల వెనక, చంకల్లో, నడుము పట్టీ దగ్గర, జుట్టులో వెతకండి. పిల్లలు వచ్చి ఉంటే వాళ్లకూ చూడండి. అంటుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా పైకి లాగండి, తేదీ రాసి పెట్టుకోండి. తర్వాత కొన్ని వారాల్లో ఎర్రటి మచ్చ పెరిగినా జ్వరం వచ్చినా డాక్టరుకు ఆ తేదీ చెప్పాలి. వేసుకున్న బట్టలను ఉతకడానికి ముందే డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద తిప్పండి.

బూట్లు, వేడర్స్ బురద కడిగి, పూర్తిగా ఆరాకే మరో నదికి తీసుకెళ్లండి. ఒక నదిలోని పాచి మరో నదికి పాకేది ఇలాగే. లైనును తడి గుడ్డతో తుడిచి, ఫ్లైలను పెట్టె మూత తెరిచి రాత్రంతా ఆరనివ్వండి, లేకపోతే వచ్చే శనివారానికి కొక్కేలు తుప్పు పట్టి ఉంటాయి.